ఏడు చేపల కథను కత్తిరించకండి

సంపాదకులకు నమస్కారం.

ఆదివారం పిల్లల పేజీల్లో మన జానపద కథలకు మళ్ళీ చోటు దొరుకుతున్నందుకు సంతోషం. అయితే ఆ కథల్ని అచ్చువేస్తున్న తీరు చూస్తే బెంగగా ఉంది. ఏడు చేపల కథనే తీసుకోండి. అనగనగా ఒక రాజు, ఆయనకు ఏడుగురు కొడుకులు, వాళ్ళు వేటకెళ్ళి ఏడు చేపలు తెచ్చి ఎండబెట్టారు, అందులో ఒక చేప ఎండలేదు అన్నంతవరకూ సవ్యంగానే నడుస్తుంది. ఆ తరువాత 'ఇలా ఒక్కొక్కరినీ అడుగుతూ పోతే చివరికి చీమ కుట్టడమే కారణమని తేలింది' అని ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. అడుగున లావు అక్షరాలతో 'నీతి: ప్రతి సమస్యకూ మూలకారణం వెతకాలి' అని తగిలిస్తారు. పెద్దవాళ్ళకు అది కథలాగే కనిపిస్తుంది. మూడేళ్ళ పిల్లకు మాత్రం అందులో కథే లేదు. తీసేసిన ఆ ప్రశ్నలూ జవాబులే అసలు కథ. రాజు, కొడుకులు, వేట అన్నీ అక్కడికి చేరడానికి వేసిన మెట్లు మాత్రమే.

చిన్నపిల్లల కథలో ఒకే మాట మళ్ళీ మళ్ళీ రావడం దోషమని, సంపాదకుడు దిద్దవలసిన పునరుక్తి అని చాలామంది అనుకుంటున్నారు. ఈ ఉత్తరం ఆ అపోహ గురించే.

ఎక్కువ ఇళ్ళలో వినిపించే రూపంలో ఆ కథ ఇలా సాగుతుంది. 'చేపా చేపా, ఎందుకు ఎండలేదు?' 'గడ్డిమేటు అడ్డమొచ్చింది.' 'గడ్డిమేటా గడ్డిమేటా, ఎందుకు అడ్డమొచ్చావు?' 'ఆవు మేయలేదు.' 'ఆవూ ఆవూ, ఎందుకు మేయలేదు?' 'గొల్లవాడు మేపలేదు.' 'గొల్లవాడా గొల్లవాడా, ఎందుకు మేపలేదు?' 'అవ్వ బువ్వ పెట్టలేదు.' 'అవ్వా అవ్వా, ఎందుకు బువ్వ పెట్టలేదు?' 'పిల్లవాడు ఏడుస్తున్నాడు.' 'పిల్లవాడా పిల్లవాడా, ఎందుకు ఏడుస్తున్నావు?' 'చీమ కుట్టింది.' 'చీమా చీమా, ఎందుకు కుట్టావు?' 'నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా!'

లెక్కపెట్టి చూడండి. ఏడుగురు కొడుకులు, ఏడు చేపలు, ఏడు ప్రశ్నలు. ప్రతి ప్రశ్నా దాని ముందు వచ్చిన జవాబులోంచే పుడుతుంది. కాబట్టి తరువాత ఏమడగాలో పిల్లకు ఎవరూ అందించనక్కరలేదు, ఆ మాట అప్పటికే చెవిలో ఉంటుంది. ఇందులో ఇంకో ఏర్పాటు ఉంది. ఏడు ప్రశ్నల్లో నాలుగు 'లేదు'తో ముగుస్తాయి: ఎండలేదు, మేయలేదు, మేపలేదు, పెట్టలేదు. తెలుగులో 'లేదు' ఎవరితో మాట్లాడినా మారదు. 'ఆవు మేయలేదు' అన్న జవాబులోని క్రియనే 'ఆవూ, ఎందుకు మేయలేదు?' అని ఉన్నదున్నట్టు అప్పగించవచ్చు. మిగిలిన మూడింట్లో అలా కుదరదు. 'అడ్డమొచ్చింది' అన్నది 'అడ్డమొచ్చావు' కావాలి, 'ఏడుస్తున్నాడు' 'ఏడుస్తున్నావు' కావాలి, 'కుట్టింది' 'కుట్టావు' కావాలి. మూడేళ్ళ పిల్లలు మొదట్లో 'చీమా చీమా ఎందుకు కుట్టింది' అంటారు. ఎవరూ తప్పు పట్టకుండా సరైన రూపాన్ని నాలుగైదుసార్లు వినిపిస్తే వాళ్ళంతట వాళ్ళే సర్దుకుంటారు. తేలికవి, కష్టమైనవి కలగలిపి వస్తాయి గనుక అలుపు రాదు.

ఆవు మేస్తుంది, గొల్లవాడు మేపుతాడు. చేప ఎండుతుంది, కొడుకులు ఎండబెడతారు. చేసేదానికీ చేయించేదానికీ మధ్య తెలుగు చూపే తేడాను ఇంత సులువుగా పట్టిచ్చే పాఠం ఏ వాచకంలోనూ దొరకదు. కథను పది పంక్తులకు కుదించినప్పుడు మొట్టమొదట ఎగిరిపోయేవి ఇవే.

ఈ కథ చెప్పేటప్పుడు ఎక్కడ తప్పు జరుగుతుందో కూడా చెప్పాలి, ఎందుకంటే ఆ తప్పులు అచ్చులో ముందుగానే సరిచేయవచ్చు. పిల్లలు ఎక్కువగా జారేది 'ఆవు' దగ్గర. 'ఆవూ ఆవూ', 'అవ్వా అవ్వా' చెవికి దాదాపు ఒక్కలాగే వినిపిస్తాయి. ఆవు నుంచి నేరుగా అవ్వ దగ్గరికి దూకేస్తారు, మధ్యలో గొల్లవాడు మాయమవుతాడు. అప్పుడు అవ్వ ఎవరికి బువ్వ పెట్టలేదో అర్థంకాక కథ ఆగిపోతుంది. 'ఆ'ను బాగా సాగదీసి, రెండు వేళ్ళు తలమీద కొమ్ముల్లా పెడితే ఈ చిక్కు పోతుంది. అచ్చులోనైతే 'అవ్వ' బదులు 'పెద్దమ్మ' అని వేసినా నష్టం లేదు, ఆ మాటతో చెప్పుకునే ఇళ్ళూ ఉన్నాయి.

రెండో తప్పు తొందర. గుక్క తిప్పుకోకుండా చెబితే ఈ కథ నిమిషంలో అయిపోతుంది. పిల్లలతో కలిసి చెబితే మూడు నిమిషాలకు పైగా పడుతుంది, పట్టాలి కూడా. ప్రశ్న అడిగాక మనసులో ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టేంతసేపు ఆగాలి. ఆ మూడు అంకెల వ్యవధిలోనే పిల్ల జవాబు వెతుక్కుంటుంది. మొదటి రోజు మొత్తం మనమే చెప్పాలి, వాళ్ళు 'ఊ' కొడితే చాలు. రెండో రోజు ప్రతి జవాబులోనూ చివరి మాట వదిలేయాలి: 'గడ్డిమేటు...' అని ఆగితే 'అడ్డమొచ్చింది' వాళ్ళే అంటారు. మూడో రోజు జవాబులన్నీ వాళ్ళవి. నాలుగో రోజు తిరగేసి, ప్రశ్నలు వాళ్ళు అడగాలి, జవాబులు మనం చెప్పాలి. క్రియలు మార్చవలసింది ప్రశ్నల్లోనే కాబట్టి ఆ వంతు ఆఖరున రావాలి. మొదటి రోజే ప్రశ్నలు వాళ్ళకు అప్పగిస్తే బిక్కమొహం వేస్తారు.

పన్నెండు, పదిహేనుమందికి మించితే వెనక కూర్చున్నవాళ్ళకు వంతు రాదు. అంగన్‌వాడీల్లో అంతకన్నా ఎక్కువమంది ఉన్నచోట రెండు జట్లు చేసి, ఒక జట్టు అడగడం, ఇంకో జట్టు చెప్పడం మేలు. చెప్పేవాళ్ళు కుర్చీలో కాకుండా పిల్లలతోపాటు కింద, అర్ధచంద్రాకారం మధ్యలో కూర్చోవాలి. కథ అయ్యాక 'ఏం నేర్చుకున్నారు?' అని అడగకూడదు. అలా అడిగితే మరునాడు కథ మొదలుపెట్టగానే పిల్లలు పరీక్షకు కూర్చున్నట్టు బిగుసుకుపోతారు.

నగరంలో పుట్టిన పిల్లలకు చేపను ఎండబెట్టడమెందుకో తెలియదు. చేపకు ఎండ తగలాలని, నీడ పడితే ఎండదని ఒక్క ముక్క కథ మొదలుపెట్టకముందే చెప్పేయాలి. మధ్యలో ఆపి వివరిస్తే గొలుసు తెగుతుంది. గడ్డిమేటు అన్న మాట తెలంగాణలో పిల్లలకు కొత్త కావచ్చు, అక్కడ గడ్డివాము అంటే ఇట్టే తెలుస్తుంది. గొల్లవాడి చోట కొందరు పాలేరు అంటారు, కొందరు జీతగాడు అంటారు. ఈ తేడాలన్నిటినీ చెరిపి ఒకే 'ప్రామాణిక' పాఠం తయారు చేయవద్దని మనవి. ఒక వారం ఒక ప్రాంతపు పాఠం, ఇంకో వారం ఇంకో ప్రాంతపు పాఠం వేయండి. గొలుసు అదే, కొక్కేలు వేరు. ఇంట్లో విన్నదానికీ పత్రికలో ఉన్నదానికీ తేడా కనిపిస్తే ఐదేళ్ళ పిల్ల దాన్ని పట్టుకుని అడుగుతుంది. అదీ మంచిదే.

జానపద విజ్ఞానంలో ఇలాంటివాటిని గొలుసుకట్టు కథలంటారు. అంతర్జాతీయంగా వాడే కథల వర్గీకరణలో 2000 సంఖ్య దగ్గర మొదలయ్యే ఒక పెద్ద విభాగం వీటిదే. ఒక టర్నిప్ దుంపను లాగడానికి తాత వెనక అవ్వ, అవ్వ వెనక మనవరాలు, కుక్క, పిల్లి, ఎలుక వరసగా చేరే రష్యన్ కథ వీటికి అక్కచెల్లెలే. చాలా దేశాల్లో ఇవి ఎక్కువగా చెప్పేది చిన్నపిల్లలకే, చెప్పే పద్ధతీ ఇదే. ఎక్కడా 'ఇలా అందరూ వచ్చి లాగారు' అని కుదించి చెప్పరు.

మన దగ్గర దీనికన్నా ఒక మెట్టు పైనున్నది ఈగ కథ. 'ఈగ ఇల్లలుకుతూ పేరు మరచిపోయినట్టు' అన్న సామెత వాడుతూనే ఉన్నాం గానీ కథ చెప్పేవాళ్ళు తగ్గిపోయారు. ఇల్లలుకుతూ అలుకుతూ ఈగ తన పేరే మరచిపోయి పేదరాసి పెద్దమ్మను అడుగుతుంది. ఆమె తన కొడుకును అడగమంటుంది, కొడుకు చేతిలో గొడ్డలిని, గొడ్డలి తాను నరికే చెట్టును, చెట్టు తనకు కట్టిన గుర్రాన్ని, గుర్రం తన కడుపులో పిల్లను అడగమంటాయి. ఏడు చేపల కథలో పాత ప్రశ్న అయిపోగానే దాన్ని వదిలేస్తాం. ఇక్కడ వదలం. ఒక్కొక్కటీ చేరుతూ పోయి చివరి ప్రశ్న ఇంత అవుతుంది: 'పేదరాసి పెద్దమ్మా, పెద్దమ్మ కొడుకా, కొడుకు చేతిలో గొడ్డలీ, గొడ్డలి నరికే చెట్టూ, చెట్టుకు కట్టిన గుర్రమా, గుర్రం కడుపులో పిల్లా, నా పేరేమిటి?' పద్దెనిమిది మాటలు, ఒక్క గుక్కలో. దానికి జవాబుగా గుర్రప్పిల్ల 'ఇహిహీ... ఈగ!' అని సకిలిస్తుంది. ఆ 'ఇహిహీ' సాగి 'ఈగ'లోకి దిగాలి. సకిలింపు వేరుగా, ఈగ అన్న మాట వేరుగా చెబితే కథ చప్పబడిపోతుంది.

ఇది నాలుగేళ్ళు దాటినవాళ్ళకు. ఏడు చేపలు నోటికి వచ్చాకే మొదలుపెట్టాలి. ఒక్క పిల్లను నిలబెట్టి మొత్తం చెప్పమనకూడదు, అందరూ కలిసి చెప్పాలి. గుక్క అందనివాళ్ళు మధ్యలో ఆగి మళ్ళీ 'నా పేరేమిటి' దగ్గర కలుస్తారు. అలకడమంటే తెలియని పిల్లల కోసం 'ఇల్లు తుడుస్తూ' అని మార్చేస్తున్నారు, అది వద్దు. అరచేతిని నేలమీద అర్ధచక్రాలుగా ఇటూ అటూ తిప్పుతూ 'ఇల్లలుకుతూ అలుకుతూ' అంటే ఆ ఊపుకే మాట అర్థమవుతుంది. సామెత కూడా నిలుస్తుంది. ఇక అచ్చులో ఈ కథకు జరిగే అన్యాయం మూడు చుక్కలు. 'పెద్దమ్మా, పెద్దమ్మ కొడుకా... నా పేరేమిటి?' అని మధ్యలో చుక్కలు పెట్టేస్తారు. కథ ముందే వచ్చినవాళ్ళకు ఆ చుక్కలు సరిపోతాయి. పుస్తకం చూసి చెబుదామనుకునే కొత్త తల్లికి ఏం చెప్పాలో తెలియదు.

ఇప్పుడు పంచతంత్రం మాట. 'పంచతంత్ర కథలు' అన్న శీర్షిక కింద వారంవారం వస్తున్నవాటిలో కొన్ని పంచతంత్రంలోవి కావు. కుండలో రాళ్ళు వేసిన కాకి, పందెం వేసుకున్న కుందేలు తాబేలు, అందని ద్రాక్షను పుల్లన అన్న నక్క, ఈ మూడూ గ్రీకు ఈసపు కథలు. మన సామెతల్లో కలిసిపోయినంత మాత్రాన పుట్టిల్లు మారదు. అవి వేయండి, కానీ ఈసపు పేరుతో వేయండి.

పంచతంత్రంలో విష్ణుశర్మ కథలు చెప్పింది మహిళారోప్య నగరపు రాజు అమరశక్తి ముగ్గురు కొడుకులకు, ఆరు నెలల్లో రాజనీతి నేర్పడానికి. వాళ్ళు ఒడిలో కూర్చునే పిల్లలు కారు. మనకు బాగా తెలిసిన తెలుగు వచనం, 1853 నాటి చిన్నయసూరి నీతిచంద్రిక, అదీ బడిలో భాష నేర్చేవాళ్ళ కోసమే. అందుచేత ఆ ఐదు తంత్రాల్లోంచి చిన్నవాళ్ళకు ఏరి ఇవ్వాలి. కోతి మొసలి, హంసలు తాబేలు, వలలో పడ్డ పావురాలు, సింహం కుందేలు, ఏనుగులకు కొలనులో చంద్రుణ్ణి చూపించిన కుందేలు, ఇవి నాలుగైదేళ్ళవాళ్ళకు బాగుంటాయి. కొంగ మెడను ఎండ్రకాయ తెంచే కథ ఇంకొన్నేళ్ళు ఆగవచ్చు. పసివాణ్ణి పాము నుంచి కాపాడిన ముంగిసను తల్లే చంపుకునే కథ ఏడేళ్ళు దాటేదాకా వద్దే వద్దు. ఆ వయసు పిల్లలు ముంగిస తిరిగి లేస్తుందని ఎదురుచూస్తారు, అది లేవదు.

అడుగున 'నీతి' అని గీత గీసి రాసే అలవాటు పంచతంత్రం నుంచి రాలేదు. అక్కడ నీతి శ్లోకాలు పాత్రల నోటనే వస్తాయి, అదీ వాదనలో భాగంగా. దమనకుడనే నక్క సింహానికీ ఎద్దుకూ మధ్య చిచ్చుపెట్టేటప్పుడు చెప్పే శ్లోకాలూ నీతిశ్లోకాలే. మోసగాడు కూడా నీతి వల్లించగలడని ఆ గ్రంథం చూపిస్తుంది. కథకు ఒక్కటే నీతి అని తేల్చే పద్ధతి ఈసపు కథల సంకలనాలది. ఏడు చేపల కథకు ఆ తోక అసలు అతకదు.

ఇదే కథకు వేదాంతార్థం చెప్పేవారూ ఉన్నారు. ఆరు చేపలు అరిషడ్వర్గమని, ఎండని చేప మనసని, గడ్డిమేటు అజ్ఞానమని, ఆవు జ్ఞానమని, గొల్లవాడు గురువని. పెద్దలకు అది మంచి వ్యాఖ్యానమే, ఆధ్యాత్మిక పేజీలో నిక్షేపంగా వేసుకోవచ్చు. పిల్లల పేజీలో కథ పక్కన వేస్తే చదివి వినిపించే నాన్న దాన్నీ చదవబోతాడు, పిల్ల లేచి వెళ్ళిపోతుంది.

కొన్ని కథల్ని పిల్లల చేతికి అందించవచ్చు. చెప్పే పెద్దల కోసం పేజీలో రెండు పంక్తుల సూచన వేస్తే చాలు. సింహం బావిలో తన నీడను చూసి దూకే కథకు ఇవాళ పెద్ద అడ్డంకి బావే. చాలామంది పిల్లలు దిగుడుబావి చూడలేదు. ముదురు రంగు బకెట్‌లో ముప్పావు వంతు నీళ్ళు పోసి, కిటికీ వెలుతురు పిల్ల ముఖం మీద పడేలా నిలబెట్టి తొంగిచూడమనండి. ముఖం స్పష్టంగా కనిపిస్తుంది. తెల్ల ప్లాస్టిక్ బకెట్‌లో అయితే అడుగు తెల్లగా మెరిసి నీడ సరిగా కనబడదు. గర్జన తిరిగి వినిపించడానికి ఖాళీ ఇత్తడి బిందె చాలు. మూతి దగ్గర నోరు పెట్టి 'ఓ' అంటే గొంతు గుమ్ముగా, వేరొకరిది అన్నట్టు వినిపిస్తుంది. ఆ రెండూ చూసిన పిల్ల సింహాన్ని తెలివితక్కువదని వెక్కిరించదు.

కాకి కథకు బొమ్మ వేసేవారికి ఒక మనవి. కుండ అడుగున కాసిని నీళ్ళున్నట్టు వేస్తారు. ఆ బొమ్మ చూసి గాజు గ్లాసులో పావు వంతు నీళ్ళు పోసి గులకరాళ్ళు వేస్తే రాళ్ళు అంచుదాకా వచ్చినా నీళ్ళు పైకి రావు, రాళ్ళ సందుల్లోనే ఉండిపోతాయి. గులకరాళ్ళు ఎంత సర్దుకున్నా వాటి మధ్య దాదాపు ఐదింట రెండు వంతుల ఖాళీ మిగులుతుంది. ముందు ఆ ఖాళీ నిండితేనే నీళ్ళు రాళ్ళను దాటి పైకి వస్తాయి. కాబట్టి గ్లాసులో సగం నీళ్ళుండాలి. సగంతో ఒకసారి, పావుతో ఒకసారి పిల్లల ఎదుటే చేసి చూపిస్తే ఐదేళ్ళవాళ్ళు కాకి కన్నా ఎక్కువ ఆలోచిస్తారు. కాకి జాతి పక్షులు నిజంగానే ఈ పని చేయగలవని 2009లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు చూపించారు. గొట్టంలో రాళ్ళు వేసి నీళ్ళు పైకి తెచ్చి, తేలుతున్న పురుగును ఆ పక్షులు అందుకున్నాయి.

పావురాల కథకు ఒక పాత దుప్పటి, ఎనిమిది పదిమంది పిల్లలు కావాలి. అంచులు చుట్టూ పట్టుకుని, మూడు అనగానే అందరూ ఒక్కసారి లేపితే దుప్పటి గాలి నింపుకుని లేస్తుంది. ఒకరు పక్కకు లాగితే చాలు, జారిపోతుంది. అందులో తరచుగా ఎగరగొట్టే ఘట్టం ఒకటుంది. ఎలుక హిరణ్యకుడు వల కొరకబోతే, నా కట్లు తరువాత, ముందు నా వాళ్ళవి కొరుకు అంటాడు పావురాల రాజు చిత్రగ్రీవుడు. చోటు చాలకపోతే ఇంకేదైనా తగ్గించండి. ఆ మాట ఉండనివ్వండి.

అచ్చు గురించి నాలుగు ముక్కలు. ఇప్పుడిప్పుడే చదవడం మొదలుపెట్టిన పిల్లల పేజీలో అక్షరం ఇరవై పాయింట్లకు తగ్గకూడదు. పంక్తుల మధ్య ఎడం ఒకటిన్నర రెట్లుండాలి. తెలుగుకు కింద వత్తులు, పైన గుడులు, ఏత్వాలు ఉంటాయి. ఎడం తగ్గితే 'గొల్లవాడు'లోని లావత్తు కింది పంక్తిలో 'మేపలేదు' ఏత్వానికి తగులుతుంది, చదివే పిల్ల రెండూ కలిపి ఇంకేదో అక్షరం అనుకుంటుంది. సన్నటి కాలమ్‌లో రెండు అంచులూ సమం చేయడానికి మాటల మధ్య ఖాళీలు సాగదీయవద్దు. ఎడమ అంచు ఒక్కటీ సరిగా ఉంటే చాలు. నోటితో 'ఎందుకెండలేదు' అన్నా అచ్చులో 'ఎందుకు ఎండలేదు' అని విడదీయండి, వేలు పెట్టి చదివేటప్పుడు ఒక్కో మాటా దొరుకుతుంది. బొమ్మ మీద తెల్లక్షరాలు వద్దు. పత్రిక కాగితానికి రంగు కొంచెం జరిగినా సున్న పూడిపోతుంది.

చీమ పుట్టను చిత్రకారులు బంగారంలా ధగధగ మెరిసిపోయేట్టు వేస్తున్నారు. అమ్మ 'నా బంగారు కొండ' అన్నట్టే చీమ 'నా బంగారు పుట్ట' అంటోంది. మామూలు మట్టిపుట్ట వేస్తేనే ఆ మాటలో ముద్దు తెలుస్తుంది. పైగా కథ మొదట్లోనే చీమను పెద్దగా వేసి రహస్యం బయటపెట్టవద్దు.

ఇంటింటా సెల్‌ఫోన్ ఉండగా పత్రికలో ఇదంతా ఎందుకని అనేవారుంటారు. ఫోన్‌లో కథ ఎవరి కోసమూ ఆగదు. 'గడ్డిమేటు...' అన్నాక మూడు అంకెలు లెక్కపెట్టదు, పిల్ల 'ఊ' అన్నా అనకపోయినా సాగిపోతుంది. పత్రిక ఇంట్లో ఎవరో ఒకరి చేతిలో ఉంటుంది, వాళ్ళు ఆగగలరు.

చోటు గురించి మీ ఇబ్బంది తెలుసు. అందుకే లెక్క చెబుతున్నాను. ఏడు చేపల కథ పూర్తి పాఠానికి ఎత్తుగడ ఐదారు పంక్తులు, ప్రశ్నలు ఏడు పంక్తులు, జవాబులు ఏడు పంక్తులు. అంతా కలిపి ఇరవై. ప్రశ్నలు ఎడమ అంచున, జవాబులు కాస్త లోపలికి జరిపి వేయండి. పక్కన అంగుళం మేర చిన్న బొమ్మలు వరసగా: చేప, గడ్డిమేటు, ఆవు, గొల్లవాడు, అవ్వ, పిల్లవాడు, చిట్టచివర చీమ. చదవడం రాని పిల్ల ఆ బొమ్మల మీద వేలు జరుపుకుంటూ కథ మొత్తం చెప్పేస్తుంది. పావు పేజీ సరిపోతుంది. 'నీతి' అని వేసే చోట 'కథ కంచికి, మనం ఇంటికి' అని వేయండి.

భవదీయురాలు,
ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయిని,
గుంటూరు జిల్లా